పికప్ మడత కవరు కింద నీళ్లు కారుతుంటే: సిలికాన్ ట్యూబు ముట్టుకునే ముందు చేయాల్సిన పనులు

మార్చిలో అకాల వాన. గుంటూరు మిర్చి యార్డు నుంచి తేజ రకం శాంపిల్ సంచులు వేసుకుని విజయవాడ వస్తున్నాను. నా ఇసుజు డీ-మ్యాక్స్ వీ-క్రాస్ పికప్‌కు, వెనక సరుకు తొట్టిని మూసే మూడు పలకల మడత కవరు వేయించి అప్పటికి నెల కూడా కాలేదు. మంగళగిరి దాటాక దంచి కొట్టింది. నాకేం భయం, వెనక కవరుందిగా అనుకున్నా. బెంజ్ సర్కిల్ దాటి బండి ఆపి తెరిచి చూస్తే, క్యాబిన్ వైపు వరస సంచులన్నీ అడుగు నుంచి జానెడు ఎత్తు తడిసిపోయి ఉన్నాయి. తడిసిన కాయను బేరగాడికి చూపిస్తే ఏమవుతుందో మిర్చి వ్యాపారంలో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు.

కవరు బిగించిన కొట్టుకే వెళ్లాను. కుర్రాడు సిలికాన్ గన్ను తెచ్చి చుట్టూ పట్టించి "ఇంక చుక్క రాదన్నా" అన్నాడు. తర్వాతి వానకు చుక్క కాదు, చెంబుడు వచ్చింది. ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే మా దూరపు చుట్టం ఒకాయన ఉన్నాడు, బాబాయ్ అంటాను. ఆయన దగ్గరికి తీసుకెళ్తే ముందు పురికొస తెమ్మన్నాడు. అటూ ఇటూ లాగి చూసి, "కవరు బానే ఉందిరా అబ్బాయ్. బిగింపే వంకర. పైగా నీళ్లు బయటికి పోయే దారి కూడా మూసేశారు" అన్నాడు. ఆ రోజు సాయంత్రం దాకా చేసిన పనీ, ఆ తర్వాత స్నేహితుల బళ్ల మీద నేర్చుకున్నదీ కలిపి వరసగా చెబుతున్నాను.

కవరు నీటిని ఎలా సంభాళిస్తుంది

ఈ సంగతి తెలియకపోతే మిగతాదంతా గుడ్డెద్దు చేలో పడ్డట్టే. మడత కవరు డబ్బా మూత లాంటిది కాదు. తయారీదారులు కూడా నీటి తాకిడిని తట్టుకుంటుందనే రాస్తారు గానీ చుక్క రాదని రాయరు. చాలా గట్టి పలకల కవర్లకు, తొట్టి అంచుల మీద బిగించే పక్క రెయిళ్లలో చిన్న కాలవ ఉంటుంది. పలక అంచు దాటిన నీళ్లు ఆ కాలవలో పడి, మూలకు చేరి, గొట్టం ద్వారా గానీ తొట్టి అంచు మీదుగా గానీ బయటికి పోవాలి. ఆ మూల దగ్గర సిలికాన్ పూస్తే కాలవ నిండి లోపలికి పొర్లుతుంది. నాకు జరిగింది అదే.

ఇంకో సంగతి. పికప్ బండి ఖాళీగా ఉన్నప్పుడు వెనక భాగం కాస్త ఎత్తుగా ఉంటుంది, లోడు పడితే దిగుతుంది. అంటే ఖాళీ బండిలో కాలవ నీళ్లు క్యాబిన్ వైపు పారతాయి, లోడు బండిలో వెనక తలుపు వైపు. "నిన్న కారింది, ఇవాళ కారలేదు" అని తల గోక్కునే వాళ్లలో చాలామంది బండి ఏ వాలులో ఉందో చూసి ఉండరు. ఏటవాలు రోడ్డు పక్కన రాత్రంతా నిలబెట్టినా ఇదే తంతు.

మొదటి పని: కారిందా, చెమర్చిందా

గుంటూరులో కోల్డ్ స్టోరేజీలు ఎక్కువ కాబట్టి ఇది ముందు చెప్పాలి. నా స్నేహితుడొకడు చల్లటి గోదాములోంచి తీసిన మిర్చి టిక్కీలు (బస్తాలు) రెండు నేరుగా తొట్టిలో వేసుకుని కవరు మూసి, ఇల్లు చేరాక తెరిచి "కవరు కారింది" అని గొడవ. ఆ రోజు వానే లేదు! చల్లని సంచికి మన ఉక్కపోత గాలి తగిలితే సంచి మీదా, కవరు లోపలి వైపూ నీటి బిందువులు పడతాయి. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకు పట్టినట్టే.

తేడా తెలుసుకోవడం తేలికే. కవరు అడుగున అంతటా సమానంగా మంచు బిందువుల్లా ఉంటే అది చెమ్మ. ఒక గీతగా, ఒక మూల నుంచి చారలా దిగి ఉంటే కారడం. చెమ్మే అయితే కవరు అంచుల రబ్బరు బీడింగు మార్చి లాభం లేదు. సరుకును గోదాము బయట కాసేపు గాలికి ఆరనిచ్చి ఎక్కించండి, తడి గోనెలు లోపల పెట్టి మూయకండి.

రెండో పని: ఎక్కడినుంచో పట్టుకోవడం

తొట్టి మొత్తం ఖాళీ చేసి పొడిగుడ్డతో తుడవండి. తొట్టి నేల మీద పాత దినపత్రికలు పరచండి. అంచులు ఒకదాని మీద ఒకటి పడేలా, నాలుగు గోడల దాకా. కాగితం మీద తడి మచ్చ ఎక్కడ పడిందో అదే మీకు పటం.

కవరు మూసి, తోటకు నీళ్లు పెట్టే పైపు తీసుకోండి. బొటనవేలు అడ్డం పెట్టి చిమ్మొద్దు, నీళ్లు మామూలుగా పారాలి. సర్వీసింగు షెడ్డులో ప్రెజర్ గన్నుతో పరీక్ష పెట్టేవాళ్లను చూశాను, అది పరీక్ష కాదు. ఆ ఒత్తిడికి ఏ బీడింగయినా పక్కకు ఒదుగుతుంది. మామూలు వాషింగుకు ఇచ్చినప్పుడు కూడా గన్నును అంచులకు దూరంగా పట్టమని చెప్పండి.

అసలు కిటుకు వరసలో ఉంది. కింది నుంచి పైకి వెళ్లాలి. ముందు వెనక తలుపు అడుగు, అయిదు నిమిషాలు. ఆపి, తెరిచి, కాగితాలు చూడండి. తడిస్తే మార్చేయండి. తర్వాత తలుపు పక్క సందులు, తర్వాత తలుపు పై అంచు, ఆ తర్వాత ఎడమ రెయిలు, కుడి రెయిలు, పలకల మధ్య కీలు గీతలు. క్యాబిన్ వైపు అంచు అన్నిటికంటే చివర. పైన మొదలుపెడితే నీళ్లు కిందికి జారి అన్నిచోట్లా తడిపి, ఏది దొంగో ఏది దొరో తెలియకుండా పోతుంది. గంటంబావు పడుతుంది. విసుగ్గానే ఉంటుంది, కానీ ఇది చేయకుండా పానా పట్టుకోకండి.

చోటు తెలిశాక ఎందుకో తెలియాలి. దీనికి మూడు ఇంటి పరీక్షలు.

పది రూపాయల నోటును బీడింగు కింద పెట్టి కవరు మూసి, మెల్లగా లాగండి. కాస్త బిగువుగా రావాలి. జారి వచ్చేస్తే అక్కడ ఒత్తిడి లేదు. జానెడు దూరానికోసారి చుట్టూతా చేయండి.

రెండోది ముగ్గుపిండి. తొట్టి అంచు తుడిచి, బీడింగు మీద పల్చగా ముగ్గుపిండి అద్ది, కవరు మూసి నొక్కి తెరవండి. అంచు మీద తెల్ల గీత తెగకుండా పడాలి. తెగిన చోటే నీటికి గుమ్మం. బాబాయ్ దీన్ని లారీ డోర్లకు ఎన్నేళ్లుగానో వాడుతున్నాడట.

మూడోది చీకటి పడ్డాక. ఒకరు తొట్టిలో కూర్చోవాలి, మరొకరు బయట ఫోను లైటుతో అంచుల వెంట నడవాలి. వెలుగు దూరిన చోట నీరూ దూరుతుంది. లోపల కూర్చునేది పెద్దవాళ్లే అయ్యుండాలి, తాళం వేయకూడదు, బయటి మనిషి బండిని వదిలి పోకూడదు. పిల్లల్ని సరదాకైనా లోపల కూర్చోబెట్టొద్దు.

మూడో పని: కొలత

ఇక్కడ నిదానించాలి, ఎందుకంటే నేను చూసిన బళ్లలో సగానికి పైగా రోగం ఇక్కడే తేలింది.

వెనక తలుపు మూసి ఉంచి కొలవండి. తెరిచి ఉంటే పక్క గోడలు కాస్త విచ్చుకుని కొలత మారుతుంది. టేపుతో తొట్టి లోపలి వెడల్పు మూడు చోట్ల: క్యాబిన్ దగ్గర, మధ్యలో, తలుపు దగ్గర. తర్వాత ఐమూల కొలతలు రెండూ, ముందు ఎడమ మూల నుంచి వెనక కుడి మూలకు, మళ్లీ అటు నుంచి ఇటు. రెండూ సమానంగా ఉంటే తొట్టి మూలలు వంకర లేకుండా ఉన్నట్టు. 3 మిల్లీమీటర్ల తేడా నేను పట్టించుకోను. 6 దాటితే బండికి ఎప్పుడో దెబ్బ తగిలి టింకరింగు జరిగిందేమో ఆరా తీస్తాను. సెకండ్ హ్యాండ్ బండి కొన్నవాళ్లకు ఈ ఐమూల కొలత ఇంకో రకంగానూ కళ్లు తెరిపిస్తుంది.

తర్వాత పురికొసను ముందు నుంచి వెనక దాకా రెయిలు పై అంచు వెంట బిగించి లాగండి. రెయిలు ఎక్కడైనా దారానికి ఎడంగా ఉంటే అక్కడ వంగింది. వంగడానికి ముఖ్య కారణం, రెయిలును తొట్టికి పట్టి ఉంచే క్లాంపును బలం కొద్దీ తిప్పడం. రెయిలు అల్యూమినియం, కింద తొట్టి ఉక్కు. "ఇంకో చుట్టు వేస్తే ఇంకా గట్టి" అనే లెక్క ఇక్కడ పనికిరాదు. క్లాంపు దగ్గర కిందికి లాగి, రెండు క్లాంపుల మధ్య రెయిలు విల్లులా లేస్తుంది. నీళ్లు ఆ విల్లు కింద నుంచి వస్తాయి.

రసమట్టం ఉంటే రెండు రెయిళ్ల మీద అడ్డంగా ఒక బద్ద పెట్టి చూడండి. నా బండిలో ఎడమ రెయిలు కుడిదాని కంటే 5 మిల్లీమీటర్లు ఎత్తుగా ఉంది. కారణం, తొట్టి ప్లాస్టిక్ లైనరు. లైనర్లు రెండు రకాలు. తొట్టి అంచు కిందే ఆగిపోయేవి ఒకటి, అంచు మీదికి మడిచి వచ్చేవి ఇంకోటి. రెండో రకం మీద రెయిలు కూర్చుంటే కింద ఎగుడుదిగుడు తప్పదు, క్లాంపుకు పట్టూ దొరకదు. క్లాంపు పడే చోట లైనరును కత్తిరించాలి, లేదా పై మడతను పూర్తిగా తీసేయాలి. కొట్టు కుర్రాడు ఒక వైపు కత్తిరించి రెండో వైపు వదిలేశాడు. టీ టైమయిందేమో మరి.

నాలుగో పని: విప్పి మళ్లీ బిగించడం

కవరు దించి, రెయిళ్లు తీసి, పాత సిలికాన్‌ను ప్లాస్టిక్ గరిటెతో గీకేయండి. స్క్రూడ్రైవరుతో గీకితే రంగు పోయి తుప్పు మొదలవుతుంది. తొట్టి పై అంచును సబ్బునీళ్లతో కడిగి, ఆరాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గుడ్డతో తుడవండి. పక్క గోడల పైన చదరపు గుంతల్లాంటి రంధ్రాలుంటే వాటికి మూతలు ఉన్నాయో లేదో చూడండి. రెయిలు వాటిని సగమే కప్పితే మిగతా సగం నుంచి నీళ్లు నేరుగా లోపలికి దిగుతాయి.

రెండు రెయిళ్లనూ పెట్టి, ముందు చివర్లు క్యాబిన్ వైపు గోడకు సమాన దూరంలో ఉన్నాయని టేపుతో చూసుకుని, క్లాంపులన్నీ వేళ్లతో మాత్రమే తిప్పండి. పానా ఇంకా వద్దు. కవరు పెట్టి మూడు పలకలూ పరచండి. ఇప్పుడు చూడాల్సింది రెండు చోట్ల. క్యాబిన్ వైపు బీడింగు తొట్టి అంచు మీద నిండుగా పడిందా? వెనక పలక చివరి రబ్బరు నాలుక తలుపు పై అంచును దాటి కిందికి వచ్చిందా? కవరు అర సెంటీమీటరు ముందుకు జరిగితే వెనక నాలుక అందదు, వెనక్కి జరిగితే ముందు బీడింగు అంచు తప్పుతుంది. రెండూ కుదిరేదాకా చేత్తో జరపండి.

కుదిరాక ముందు ఎడమ, ముందు కుడి, వెనక ఎడమ, వెనక కుడి, చివరికి మధ్యవి. ఒక్కోదాన్ని కొంచెం కొంచెంగా, రెండు మూడు విడతల్లో బిగించండి. ఎంత బలంతో అన్నది మీ కవరుతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది, ఆ అంకె ప్రకారం టార్క్ రెంచి వాడితే మంచిది. ఆటోనగర్‌లో అడిగితే ఎవరో ఒకరు ఇస్తారు. వారం తిరిగాక మళ్లీ ఒకసారి చూడండి, బీడింగు కుదురుకుని క్లాంపు కాస్త వదులవుతుంది. మళ్లీ పది రూపాయల నోటు పరీక్ష.

ముందు మూలల గురించి ఒక మాట. క్యాబిన్ వైపు అడ్డ బీడింగు, పక్క రెయిలు బీడింగు కలిసే చోట చిన్న సందు ఉంటుంది. గరాటులో పోసినట్టు నీళ్లు అక్కడినుంచే వస్తాయి. చాలా కవర్లకు ఇక్కడ పెట్టడానికి చిన్న స్పాంజి ముక్కలు ఇస్తారు. ప్యాకెట్ అడుగున ఉండిపోతాయి, కొట్టువాళ్లు పారేస్తారు. నా ప్యాకెట్‌లోనూ ఉన్నాయట! అవి లేకపోతే నీళ్లు తాగని, మూసిన రంధ్రాల ఈపీడీఎం (ఒక రకం రబ్బరు) స్పాంజి కొని కొలతకు కోసి పెట్టండి. పరుపుల స్పాంజి వద్దు, అది నీళ్లు తాగుతుంది.

రోల్ బారు, అంటే క్యాబిన్ వెనక తొట్టి మీద నిలిపే గొట్టపు చట్రం, వేయించుకున్నవాళ్లు జాగ్రత్త. దాని కాళ్లు సరిగ్గా రెయిలు కూర్చునే చోటే దిగుతాయి. కాలు పట్టేందుకు రెయిలును కోసేస్తే ఆ కోత నుంచి జీవితాంతం కారుతూనే ఉంటుంది. రోల్ బారుతో కలిసి కూర్చునేలా చేసిన కవరే తీసుకోవాలి.

వెనక తలుపు

కవరు ఎంత గొప్పదైనా వెనక తలుపు పక్క సందులూ అడుగు సందూ దాని పరిధిలోకి రావు. బండి పోతుంటే వెనక గాలి ఒత్తిడి తగ్గి దుమ్మూ నీటి తుంపరలూ లోపలికి పీల్చుకుంటాయి. తాడికొండ వైపు మట్టి దారుల్లో తిరిగేవాళ్లకు ఇది బాగా తెలుసు, పైన కవరు మెరుస్తుంటుంది, లోపల సరుకంతా దుమ్ము కొట్టుకుపోయి ఉంటుంది.

సందు ఎంతో కొలవడానికి గోధుమపిండి ముద్దను ప్లాస్టిక్ కవరులో చుట్టి, సందులో పెట్టి తలుపు మూసి తెరవండి. నలిగిన ముద్ద మందమే మీ సందు. 8 మిల్లీమీటర్లుంటే 11, 12 మిల్లీమీటర్ల బోలు రబ్బరు బీడింగు తీసుకోండి. మూడో వంతు దాకా నలిగితే చక్కగా పడుతుంది. మరీ లావుది పెడితే తలుపు గొళ్లెం పడదు, బలంగా కొట్టి మూస్తే కొన్నాళ్లకు గొళ్లెమే పోతుంది.

అంటించేది ఎండ తగ్గాక. మే నెల మధ్యాహ్నం కాలిపోతున్న రేకు మీద అంటిస్తే జిగురు పట్టదు. శుభ్రం చేసి, ఆరాక, బీడింగును లాగకుండా, సాగదీయకుండా అంటించండి. సాగదీసింది తర్వాత ముడుచుకుని మూలల్లో ఎడం వస్తుంది. పూర్తి పట్టు రావడానికి మూడు రోజులు, అప్పటిదాకా కడగొద్దు.

అడుగు సందు మూసే ముందు తొట్టి నేల రంధ్రాలు తెరిచి ఉన్నాయో చూసుకోండి. ఇన్నాళ్లూ నీళ్లు ఆ అడుగు సందు నుంచే పోతుండొచ్చు. అదీ మూసి, ఇవీ మూసుకుపోతే తొట్టి చేపల చెరువే.

గొట్టాలు

గొట్టాలున్న కవరు అయితే ముందు మూలలో గ్లాసుడు నీళ్లు పోసి బండి కింద చూడండి. ధారగా రావాలి. రాకపోతే మట్టో ఆకులో, మన ఊళ్లలో అయితే కందిరీగ గూడో ఉంటుంది. స్కూటరు బ్రేకు కేబులు లోపలి తీగ పెట్టి మెల్లగా తిప్పితే వచ్చేస్తుంది. కంప్రెసర్ గాలి ఫుల్లుగా పెడితే గొట్టం మొదట్లో ఊడిపోతుంది. గొట్టం మధ్యలో ఊయలలా వేలాడకూడదు, కింది దాకా వాలుగానే దిగాలి.

సిలికాన్ ఎక్కడ, ఏది

సిలికాన్ నాకు శత్రువేం కాదు. కదలని చోట్ల, అంటే రెయిలు కింద స్క్రూ రంధ్రం, లైట్ల వైరు దూరిన రంధ్రం లాంటి చోట్ల పూయొచ్చు. హార్డ్‌వేర్ కొట్లో బాత్‌రూముకని ఇచ్చే పుల్లటి వెనిగర్ వాసన రకం మాత్రం వద్దు, అది ఆరేటప్పుడు వచ్చే ఆమ్లం లోహాన్ని తింటుంది. న్యూట్రల్ క్యూర్ అని రాసి ఉన్నది అడగండి. కదిలే బీడింగుకూ పలకకూ మధ్య ఏ సిలికానూ పూయొద్దు.

బీడింగు మెత్తగా ఉండటానికి సిలికాన్ స్ప్రే రెండు నెలలకోసారి చాలు. మెకానిక్ కుర్రాళ్లకు అలవాటైన డీజిల్ గుడ్డ, గ్రీజు, ఇంజనాయిలు దగ్గరికి రానివ్వకండి. బీడింగులకు వాడే ఈపీడీఎం రబ్బరు పెట్రోలియం నూనెలకు ఉబ్బి మెత్తబడి పాడవుతుంది.

ఎండ చేసే పని

మన ఎండలకు లోహం సాగుతుంది. ఒకటిన్నర మీటరు అల్యూమినియం రెయిలు 40 డిగ్రీల తేడాకు సుమారు 1.4 మిల్లీమీటర్లు సాగుతుంది, కింద ఉన్న ఉక్కు అందులో సగమే. అందుకే వేసవి ముగిసి తొలకరి పడే ముందు, మే చివర్లో ఒకసారి క్లాంపులు చూసుకోవడం మంచిది. రెగ్జిన్ లాంటి మెత్తటి కవర్లయితే ఎండకు సాగి మధ్యలో గుంట పడుతుంది. గుంటలో నిలిచిన ప్రతి లీటరూ కిలో బరువు, ఆ బరువుకు కుట్లలోంచి చెమర్చడం మొదలవుతుంది. బిగువు సరిచేసే బోల్టు ఉంటే తిప్పండి. కీలు దగ్గర చీలితే సీటు కవర్లు కుట్టే కొట్లో అతుకు వేయిస్తారు, కొత్త కవరు కొనక్కర్లేదు.

కొనబోయేవాళ్లకు

ఆన్‌లైన్‌లో "డీ-మ్యాక్స్ 2021 మోడల్" అని చూసి బయటి దేశం నుంచి తెప్పించుకున్నవాళ్ల కష్టాలు చూశాను. థాయిలాండ్‌లో డీ-మ్యాక్స్ కొత్త తరం 2019లోనే వచ్చింది. మన శ్రీసిటీ ప్లాంటు నుంచి 2021లో వచ్చిన బీఎస్-6 వీ-క్రాస్ అంతకు ముందు తరం బాడీదే. సంవత్సరం ఒకటే, తొట్టి వేరు. అందుకే సంవత్సరం చెప్పి కాదు, తొట్టి లోపలి పొడవు, వెడల్పు మిల్లీమీటర్లలో చెప్పి కొనండి. టొయోటా హైలక్స్ పికప్ వాళ్లు కూడా ఇదే పద్ధతి పాటిస్తే పోయేదేం లేదు. అమెరికా పెద్ద పికప్‌ల కవర్లు చవగ్గా దొరికాయని తెచ్చుకుంటే మాత్రం వాటిని మన తొట్టికి కూర్చోబెట్టడం ఏ బాబాయ్ వల్లా కాదు.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్లే మునిగాయి. అలాంటప్పుడు కవరు మీద ఆశ పెట్టుకోవద్దు. పైనుంచి వచ్చే వాన వేరు, నేల రంధ్రాల్లోంచి కింద నుంచి ఎక్కే నీరు వేరు. ముంపు హెచ్చరిక వస్తే సరుకు దించి మేడ మీద పెట్టడమే.

ఇప్పుడు నా కవరు కింద జడివానకు కూడా కాగితం మీద రెండు మూడు మచ్చలకు మించి పడవు. అయినా వాన కాలంలో తొట్టి అడుగున రెండంగుళాల చెక్క బద్దలు వేసి, వాటి మీద సంచులు, సంచుల మీద ఒక చిన్న బరకం కప్పుతాను. మిర్చి శాంపిళ్లు మాత్రం క్యాబిన్‌లో వెనక సీటు మీదే కూర్చుని వస్తాయి. ఇంట్లోవాళ్లు తుమ్ముతూనే ఉంటారు.